కొలత తప్పిన మెట్లు

మావయ్య జేబులో టేపు ఉన్నంతకాలం ఈ లోకంలో ఏదీ సరైన కొలతలో ఉండదు. వడ్రంగం మానేసి ఆరేళ్లయినా ఆ ఇనప టేపును మాత్రం మానలేదు. కంటికి కనిపించినదాన్నల్లా కొలవడం, తప్పు పట్టడం, ఆపైన ఎవడో ఒకడి మీద విరుచుకుపడడం.

ఒకసారి బస్సులో ఇద్దరు దర్జాగా కూర్చున్న సీటు మీద సర్రున టేపు పరిచాడు. "ఇది ముగ్గురి సీటు. మూడో మనిషి జాగా మీరిద్దరూ పంచుకు తింటున్నారు!" అన్నాడు. వాళ్లు బెదిరిపోయి జరిగారు. పక్కన చంటిబిడ్డతో నిలబడ్డ ఆవిడ కూర్చుంది. మావయ్య మాత్రం దిగేదాకా కండక్టరుతో పోట్లాడుతూనే ఉన్నాడు. మేనల్లుడు తలుపు దగ్గర నిలబడి, ఆయనెవరో తెలియనట్టు బయటికి చూశాడు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని ఆ రోజు మేనల్లుడూ వాళ్లమ్మా సముద్రం ఒడ్డున కొండకొమ్ము మీదున్న కాఫీ హోటలుకి బయల్దేరారు. కోరిక అమ్మది. ముప్పై ఏళ్లు కిటికీ లేని గదిలో కుట్టుమిషను తొక్కిన మనిషి. సముద్రం కనిపించే కిటికీ పక్కన కూర్చుని ఒక్క కాఫీ తాగాలని ఆశ. కిటికీ టేబులు ఒక్కటే ఉంది. మేనల్లుడు వారం ముందే చెప్పి ఉంచాడు. పదకొండు దాటితే వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు.

కింద నూట ఎనభై మెట్లు. టైము పదింపావు. మిషను తొక్కి తొక్కి అరిగిన మోకాళ్లు అమ్మవి. మేనల్లుడు చెయ్యందించాడు. "నేనేమన్నా ముసలిదాన్నట్రా?" అని అమ్మ విసిరికొట్టింది.

ఇరవై మెట్లెక్కారో లేదో, "ఆగండి!" అని మావయ్య గర్జించాడు. వంగి మెట్టు కొలిచి, గేటు దగ్గరి కాపలావాణ్ణి కేకేశాడు. "ఏమయ్యా, ఈ మెట్టు ఏడంగుళాలు! కింద మెట్టు ఆరున్నర! మనుషులెక్కాలా, మేకలెక్కాలా?"

"నేను కట్టానా బాబూ?"

"కట్టకపోతే కాపలా ఎందుకు కాస్తున్నావు?"

అమ్మ మెట్టు మీద చతికిలబడింది. "వీడి గొడవ తెమిలేదాకా కూర్చోవాల్సిందే" అంది చిరాగ్గా, మోకాలు రాసుకుంటూ.

నలభయ్యో మెట్టు దగ్గర మళ్లీ అదే తంతు. అరవయ్యో మెట్టుకి కాపలావాణ్ణి సాక్షిగా పైకి లాక్కొచ్చాడు. ఎనభయ్యో మెట్టు దగ్గర కమ్మీలకి రంగేస్తున్నవాడితో గొడవ. కమ్మీల మధ్య సందు ఎక్కువైందట. రంగేసేవాడు కుంచె కిందపెట్టి దణ్ణం పెట్టాడు.

నూరో మెట్టు దగ్గర పదకొండు కొట్టింది. మేనల్లుడి ఒళ్లు మండిపోయింది.

"మావయ్యా! నీకసలు బుద్ధుందా? టేబులు పోయింది! అమ్మ జన్మకో కోరిక కోరితే నీ దిక్కుమాలిన టేపుతో నాశనం చేశావు!"

"కాలేజీ మధ్యలో మానేసినవాడికి కొలతల విలువేం తెలుస్తుందిరా!" అని మావయ్య అంతకంటే గట్టిగా అరిచాడు. ఆ అరుపులు పావుగంట సాగాయి. అమ్మ ఆ పావుగంటా కూర్చునే ఉంది.

పైకి చేరేసరికి పన్నెండుకి అయిదు నిమిషాలు తక్కువ. మావయ్య గొంతు పూర్తిగా పోయింది. మేనల్లుడు తలొంచుకుని లోపలికి వెళ్లాడు. హోటలాయన ముగ్గురినీ చూసి, "టేపు పెద్దమనిషి మీరేనా?" అని భయంగా అడిగాడు. "నిన్న ఫోన్లో, టేపు తెచ్చి కొలిచి చూపిస్తానని గంటసేపు తిట్టారు కదండీ! నూట ఎనభై మెట్లకి పదకొండు ఏ లెక్కన సరిపోతుందని. పన్నెండు దాకా ఉంచానండి, ఇంక తిట్టకండి."

కిటికీ పక్కన అమ్మ కూర్చుంది. కింద సముద్రం కొండని బాదుతోంది. కాఫీ వచ్చినా అమ్మ చూపు తిప్పలేదు.

మేనల్లుడి కోపం మాత్రం దిగలేదు. మావయ్య జేబులోంచి టేపు లాక్కుని వరండాలోకి నడిచాడు, సముద్రంలోకి గిరాటెయ్యడానికి. విసిరేముందు కసిగా బయటికి లాగాడు. బారెడు లాగినా తళతళలాడే ఇనప పట్టీయే. ఒక్క అంకె లేదు, ఒక్క గీత లేదు. అన్నీ ఏనాడో అరిగిపోయాయి.

వెనకే వచ్చిన మావయ్య, పోయిన గొంతుతో బుసకొట్టాడు. "అరవకు. మీ అమ్మ వింటే చంపేస్తుంది."

"మరి ఏడంగుళాలు, ఆరున్నర..."

"చెయ్యిస్తే పట్టుకుందా నీది? ఇవ్వరా నా టేపు!"

టేపు మళ్లీ మావయ్య జేబులోకి చేరాక దిగడం మొదలెట్టారు. ఇరవై మెట్లు దిగాక అమ్మ చెయ్యి మెల్లగా మోకాలి మీదికి పోయింది. మావయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఆగండి!" అని మేనల్లుడు గర్జించాడు. కింద కాపలావాడు ఉలిక్కిపడ్డాడు. "మావయ్యా, టేపిలా తే! ఏమయ్యా, చూడు! ఈ మెట్టు తొమ్మిదంగుళాలు!"

"వీడికీ పట్టింది" అంటూ అమ్మ చతికిలబడింది.

మావయ్య వంగి, కళ్లు చికిలించి, అంకెల్లేని టేపు వంక తీక్షణంగా చూశాడు.

"తొమ్మిదింపావురా, వెధవా" అన్నాడు గుసగుసగా.