ముత్యాలప్ప బండి వస్తే తెలియదు

మదనపల్లెలో నా స్పేర్ పార్ట్స్ అంగడికి వచ్చే వాళ్లందరూ అడిగేది ఒకటే. "అన్నా, బండి పోతే వీధంతా అదరాల. అట్లాంటి సైలెన్సర్ ఉండాదా?" పుంగనూరు పక్క పల్లె నుంచి వచ్చే ముత్యాలప్ప ఒక్కడే వేరు. "గిరిబాబూ, నా బండి పోతే నాకే తెలీకూడదప్పా!" ఇదీ ఆయన జబ్బు. జబ్బని నేననలేదు, ఆయన భార్య శ్యామలమ్మ అంది.

ఆవులు మేపుకొని ఇంటింటికీ పాలు పోసే మనిషి. బండి పాతకాలపు వంద సీసీది. పాల క్యాన్లు గలగలమనకుండా వాటికి రగ్గు చుట్టేవాడు. తాళంచెవుల గుత్తికి గుడ్డ కట్టేవాడు. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే ఆయన స్క్రూడ్రైవర్ పెట్టుకునేవాడు.

ఆ స్క్రూడ్రైవర్ సొంత బండితో ఆగినా బాగుండేది. ఎక్కడ ఇంజన్ మోగినా వంగి, చెవి పెట్టి, చప్పుడు తగ్గేలా కార్బొరేటర్ స్క్రూ తిప్పాల్సిందే. ఒకసారి మా అంగడి ముందు కొత్త బండి ఆగితే దాని కింద దూరి, మసిమొహంతో బయటికొచ్చాడు. "కార్బొరేటరే లేదు గదప్పా దీనికి! గొంతు యాడుండాది?"

వాళ్ల బంధువుల పెళ్లిలో సరిగ్గా ముహూర్తానికి కరెంటు పోయింది. వేకువజాము. జనరేటర్ వేశారు. అది పందిరి అదిరేలా మోగుతోంది. ముత్యాలప్ప నెమ్మదిగా లేచి వెళ్లి స్క్రూ తిప్పాడు. అది ఎంతగా నెమ్మదించిందంటే, ఆరిపోయింది. తాళి పట్టుకున్న పెళ్లికొడుకు చీకట్లో తడుముకుంటుంటే మూలనుంచి ఈయన గొంతు: "ఇప్పుడు సూడండి, మంత్రాలు ఎంత బాగా ఇనిపిస్తాండాయో!"

ఆయన బండి ఎవరెక్కినా చెవుల్లో స్పాంజి బిళ్లలు పెట్టుకోవాలి. వాటిని వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. సరిగ్గా పెట్టుకోకపోతే బండి కదలదు.

"నీ బండికి సప్పుడే లేదే, ఇవి యాలన్నా?" అన్నాను.

"గాలికి లేదా? ఎదురొచ్చే లారీకి లేదా? చెవులు పోతే నీ అంగట్లో అమ్ముతావా?"

అట్లాంటి మనిషి బండికి పోయిన వానల్లో సైలెన్సర్ అడుగున తుప్పుపట్టి చిల్లు పడింది. ఒక్కసారి స్టార్ట్ చేసి విన్నాడట. వెంటనే ఆపేశాడు. మర్నాటి నుంచి బండిని తోసుకుంటూనే పాలు పోశాడు.

"నీకేమన్నా పిచ్చా?" అంది శ్యామలమ్మ.

"దొరికేదాకా తోస్తా," అన్నాడు.

నా అంగట్లో ఉన్నవన్నీ మోత మోగించే రకాలే. ఆయన బండిని ఆటోలో వేసుకొని తెస్తే, సరేనని ఒకటి బిగించి స్టార్ట్ చేశాను. ఎదురు హోటల్లో ఒకాయన టీ ఒలకబోసుకున్నాడు. ముత్యాలప్ప రెండు చెవులూ మూసుకొని, "పీకెయ్యప్పా," అన్నాడు. పుంగనూరంతా తిరిగాం. దొరకలేదు. "కుప్పంలో పాత బండ్లు విప్పే అంగడి ఉండాదంట. పద," అన్నాడు.

పలమనేరు, వీకోట మీదుగా నా బండి మీదే పోయాం. ఆ అంగడాయన మమ్మల్ని వింతగా చూశాడు. "కంపెనీ సైలెన్సరా? అందరూ దాన్ని పీకి పారేసేదానికే వస్తారు సామీ. అదో, ఆడ గుట్ట పడుండాది."

ముత్యాలప్ప ఒక్కోదాన్ని ఊపి, లోపల ఏదైనా ఊడి గలగలమంటే పక్కన పడేశాడు. మిగిలినవాటికి ఒక చివర అరచేత్తో మూసి, రెండో చివర నోరుపెట్టి ఊదాడు. గాలి ఎక్కడా కారకపోతే మంచిదని లెక్క. ఎండ నెత్తికెక్కే వేళకు మూతినిండా మసి చేసుకొని, ఒకదాన్ని చంటిబిడ్డలా ఎత్తుకొని లేచాడు. "ఇదేనప్పా!"

తిరిగొచ్చి బిగించాను. అతుకు దగ్గర గాలి కారకుండా కొత్త గ్యాస్కెట్ వేశాను. ఇక కార్బొరేటర్ సెట్టింగ్. గాలి స్క్రూ ఇటు తిప్పితే ఇంజన్ తుమ్ముతుంది, అటు తిప్పితే మూలుగుతుంది. మధ్యలో పట్టుకునేసరికి పొద్దు వాలింది.

"ఇంకా తగ్గించప్పా."

"ఇంకొంచెం తగ్గిస్తే ఆగిపోతాదన్నా!"

"ఆగిపోయే ముందర గడప ఉంటాది గదా, దాని మీద నిలబెట్టు."

నిలబెట్టాను. ఇంత పంతం దేనికో చూద్దామని ఆ రాత్రి ఆయనతో వాళ్ల పల్లెకు పోయి పడుకొని, తెల్లవారుజామున ఆయన వెంట పోయాను. ఒక సందు మలుపులో, అంత చప్పుడులేని బండిని కూడా ఆపేసి, తోసుకుంటూ ఒక ఇంటి ముందుకు పోయాడు. వాకిట్లో గిన్నె. పాలు పోశాడు. అది ధనుంజయ ఇల్లు. నాకు ఆశ్చర్యమేసింది. ముత్యాలప్ప ఆవు ధనుంజయ టమోటా తోటలో పడి మేసిన నాటినుంచీ ఆ ఇద్దరికీ పాలున్నాయి కానీ మాటల్లేవు.

"ఇదేందన్నా?" అన్నాను గుసగుసగా.

"ఆయప్ప కుప్పం కాడ గ్రానైట్ కోసే మిషన్ దగ్గర ఏండ్ల తరబడి పనిచేసినాడు. చెవులకేమీ పెట్టుకోలా. ఇప్పుడు చెవుల్లో ఎప్పుడూ ఈల మోగుతానే ఉంటాదంట, రాత్రంతా నిద్ర పట్టదు. తెల్లారే ముందర ఇంత కన్ను మూస్తాడు. సరిగ్గా నా పాల వేళ." బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. "నాకు తగువు ఆయప్పతో గానీ, ఆయప్ప నిద్రతో ఏముండాది?"

అంతలో తలుపు చాటునుంచి దగ్గు. ధనుంజయ! ఆరోజు మేలుకొని కాపు కాసినట్టున్నాడు. ముత్యాలప్ప మూరెడు దూరంలోనే ఉన్నా, నన్నే చూసి అన్నాడు.

"ఏమప్పా, ఆ మనిషికి చెప్పు. వచ్చేదీ పోయేదీ తెలీకుండా పోస్తాండాడు. నేను లేచేలోగా పిల్లి తాగేస్తాండాది."

ముత్యాలప్ప కూడా నాకే చెప్పాడు. "గిన్నె మీద మూత పెట్టమను."

"పిల్లి మూత కిందపడేస్తే నా నిద్ర చెడతాదని పెట్టలేదని చెప్పు. వారమంతా తెల్లారినాక ఖాళీ క్యాన్లతో బండి తోసుకుంటా ఇంటికి పోతాంటే కిటికీలోంచి సూస్తానే ఉండానని కూడా చెప్పు."

ధనుంజయ లోపలికి పోయి ఒక సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నిండా టమోటాలు, సగం పచ్చివి.

"ఇవి నీకప్పా. దోవలో ఏ ఆవన్నా తినేస్తే నేనేమీ అడగను."

ముత్యాలప్ప ఆ సంచి అందుకొని, వంగి చూసి, నెమ్మదిగా అన్నాడు. "గిరిబాబూ, మా ఆవు పచ్చివి ముట్టదని చెప్పు. రేపట్నుంచి పండినవే పెట్టమను."