చలిబట్టలు కుట్టిన పదిహేను రోజులు

నా పెళ్ళయిన రెండో ఏడు, యాభైల్లో, ఒక కార్తీకమాసంలో మా అత్తవారింట్లో పదిహేను రోజులపాటు చలిబట్టలు కుట్టారు. తిరువూరులో చలిబట్టలేంటని మీరు నవ్వుకోవచ్చు. మా ఊళ్ళో చలంటే తెల్లవారుజామున దుప్పటి ఇంకాస్త మీదికి లాక్కోవడమే. కానీ ఆ పదిహేను రోజులూ నాకు నవ్వు రాలేదు. నా ప్రాణాలన్నీ ఆ బట్టల మీదే ఉన్నాయి.

మా ఆయన బెజవాడలో గుమస్తాగా పనిచేస్తూ ఆదివారాలు ఇంటికి వచ్చేవారు. భాద్రపదంలో ఆయనకి డెహ్రాడూన్ బదిలీ అయింది. ముందు తనొక్కరే వెళ్ళి, గది చూసుకుని, నన్ను తీసుకెళ్ళడానికి కార్తీకంలో సెలవు పెట్టి వచ్చారు. వస్తూ వస్తూ అక్కడి నుంచే ఉన్నిబట్ట తెచ్చారు, కొంత ఆకుపచ్చది, కొంత బూడిదరంగుది. బజార్లో కిరాణా కొట్టు నడిపే మా మామగారు ఆ బట్టని వేళ్ళతో నలిపి చూసి ఒకే మాట అన్నారు.

"బట్టలు పూర్తయితేనే పిల్లని పంపేది. అక్కడ చలికి ఏదన్నా అయితే వియ్యంకుడికి నేనేం సమాధానం చెప్పను?"

ఆయన మాటకి మా ఇంట్లో తిరుగులేదు. కోపమొస్తే అరిచే మనిషి కాదు, మాట్లాడటం మానేసే మనిషి. అది అరుపుకంటే కష్టం.

ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. అప్పటికే నాకు నెల తప్పింది. ఒకటి కాదు, రెండు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఆ విషయం దాచడం మాటలు కాదు. ఆడవాళ్ళు నెలకి మూడు రోజులు దొడ్డివైపు వసారాలో దూరంగా కూర్చోవాలి. ఎవరు ఎప్పుడు కూర్చుంటారో ఇంట్లోవాళ్ళకి పంచాంగంకన్నా బాగా గుర్తు. కూర్చోకపోతే ఆ పూటే తెలిసిపోతుంది. అందుకని నేను ఏమీ లేకుండానే వెళ్ళి కూర్చున్నాను. ఆశ్వయుజంలో ఒకసారి, మళ్ళీ కార్తీకంలో, మా ఆయన వచ్చిన మూడోనాడు.

సిగ్గులేని పనే. కానీ తెలిస్తే నన్ను పంపరు. పురుడని రెడ్డిగూడెం మా పుట్టింటికి పంపుతారు, ఆ తర్వాత పసిబిడ్డతో అంత దూరం ఎలాగంటారు, బిడ్డ నడిచాక చూద్దామంటారు. రెండేళ్ళ మాట. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆయనకి చెబితే వాళ్ళమ్మకి చెప్పినట్టే. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. మూడు రోజుల రైలు ప్రయాణానికి నేను భయపడలేదు, ఇక్కడ మిగిలిపోవడానికే భయపడ్డాను.

దూరంగా ఉన్న మనిషి కొత్తబట్ట ముట్టుకోకూడదు. ఉన్న పదిహేను రోజుల్లో నా అబద్ధానికే మూడు రోజులు పోయాయి. వసారాలో కూర్చుని లోపల చేతి మిషను తిరిగే చప్పుడు వింటూ, అది ఆగినప్పుడల్లా ఎందుకాగిందో అని చచ్చేదాన్ని.

మా అత్తగారికి చదువు రాదు. టేపు మీద అంకెలు ఆవిడకి అక్కర్లేదు. పురికొసతో కొలిచి ముడులు వేసుకునేది. ఛాతీకొక ముడి, నడుముకొకటి, చేతికొకటి. మా ఆయన వచ్చిన రోజే నా కొలతలు తీసి, కొత్తబట్ట అంచుకి పసుపు రాసి కత్తెర పెట్టింది. పొడుగు చేతుల రవికలు మూడు, లోపలి లంగాలు రెండు, చీర మీద వేసుకునే కోటు ఒకటి. ఆడదానికి కోటు ఎలా కుడతారో తిరువూరులో ఎవరికి తెలుసు? మామగారి పాతకోటు విప్పి, దాన్ని చూసి కత్తిరించింది. పచ్చ రవికకి బూడిదరంగు కాలరు, బూడిదరంగు రవికకి పచ్చ కాలరు, కోటుకి రెండూ.

"పెట్టె చిన్నది. చీకట్లో చెయ్యి పెట్టి ఏది తీసినా ఇంకోదానికి నప్పాలి" అంది.

నేను పక్కన కూర్చుని కాజాలు, బొత్తాలు కుట్టేదాన్ని. ఆ వంకన వంటింటికి దూరంగా ఉండొచ్చు. ఇంగువ వాసన వస్తే కడుపులో తిప్పేది, ఊపిరి బిగబట్టి సూదివైపు చూసేదాన్ని.

పదకొండో రోజు మధ్యాహ్నం పచ్చ రవిక తొడుక్కుని చూడమంది. ఆ ఎండలో ఉన్ని రవిక అంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. బొత్తాలు పెట్టబోతే పై రెండూ అందలేదు. ఆవిడ లేచొచ్చి పురికొస నా ఛాతీ చుట్టూ తిప్పింది. కొస ముడిదాకా రాలేదు. మళ్ళీ తిప్పింది.

"కొలత తప్పు తీశానా ఏంటి?"

"మీ అబ్బాయి వచ్చారని రోజూ పిండివంటలు చేసి పెడుతున్నారుగా అత్తయ్యా" అన్నాను.

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని దానికి నేనే జవాబు చెప్పాను. ఆవిడ నా మొహంకేసి చూసింది. పురికొస చుట్టి డబ్బాలో పడేసింది.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. ఆవిడ నోరు తెరిస్తే చాలు, ఇప్పుడే బయటపెడుతుందనుకునేదాన్ని. మామగారు భోజనం దగ్గర "బట్టలు ఎంతవరకూ వచ్చాయి?" అని అడిగితే "వస్తున్నాయి" అంది.

పదమూడో రోజు మామగారు కొట్లో ఉన్నారు. మా ఆయన బెజవాడ బస్సు వేళ కనుక్కోవడానికి వెళ్ళారు. నేను దొడ్లోంచి లోపలికి వచ్చేసరికి ఆవిడ చాప మీద కూర్చుని, కుట్టిన బట్టలన్నీ ముందేసుకుని, బ్లేడుతో కుట్లు విప్పుతోంది. మూడు రవికల పక్కలూ ఊడిపోయి ఉన్నాయి. లంగాల నడుము పట్టీలు ఊడిపోయి ఉన్నాయి. ఎల్లుండి ప్రయాణం. బట్టలు లేకపోతే ప్రయాణం లేదు. నోటితో చెప్పకుండా నన్ను ఆపేస్తోందనుకున్నాను. భయం పోయి కోపమొచ్చింది.

"ఎందుకు విప్పుతున్నారు? నన్ను పంపకూడదనేగా?"

"తలుపు దగ్గరికెయ్యి" అంది. వేశాను.

"ఎన్నో నెల?"

నేను తలుపుకి ఆనుకుని నిలబడ్డాను.

"రెండుసార్లు ఆ వసారాలో కూచుంటే దూరం నుంచి అన్నం వడ్డించాను. ఎంత వెర్రిదాన్ని చేశావే నన్ను."

"మూడోది" అన్నాను. ఏడుపొచ్చింది. "చెబితే పంపరుగా అత్తయ్యా."

"పంపం. పంపకపోవడమే మంచిది కూడాను."

బ్లేడు ఆగలేదు. తల ఎత్తకుండానే చెప్పడం మొదలెట్టింది.

"మీ మామగారు రంగూన్లో కొట్టు పెట్టినప్పుడు నేను కడుపుతో ఉన్నాను. పురుడవగానే తీసుకెళ్తానన్నారు. నాలుగేళ్ళు గడిచినా తీసుకెళ్ళలేదు. చివరికి ఆయనే తిరిగొచ్చారు. మీ ఆయన సొంత తండ్రినే చూసి ఎవరో అనుకుని నా వెనక దాక్కున్నాడు." దారప్పోగులు దులిపింది. "ఆ మిగిలిన గుడ్డ ఇటు తే."

అది మా ఆయన చేతుల్లేని కోటుకని ఉంచింది. దాన్ని పట్టీలుగా చీల్చి రవికల పక్కలకి అతికింది.

"ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు లోపలికి మడిచి పెడుతున్నాను. నెలనెలా కొంచెం విప్పుకో. అన్నీ ఒక కొలతకే పెట్టాను, ఒకటి విప్పితే అన్నీ విప్పు. ఏది, ఇలా కూచో, ఈ కుట్టు విప్పి చూపించు."

విప్పాను. బ్లేడు జారి రెండు చోట్ల బట్ట తెగింది. బాగుచెయ్యమంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. నా తెలివంతా ఆవిడ పురికొస ముందు ఎందుకూ పనికిరాలేదు.

"మరి మామయ్యగారికి?"

"బస్సు కదిలాక నేను చెప్తాను. ముందే చెబితే ఈ మడతలన్నీ దండగ."

ఆ రెండు రోజులూ ఆవిడ మిషను దగ్గర్నుంచి అన్నానికి తప్ప లేవలేదు. ప్రయాణం రోజు మామగారు పెట్టె తెరిపించి, అన్నీ లెక్కచూసుకుని, తల ఊపారు. బస్సు దగ్గర ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఆవిడ నాకేసి చూడలేదు.

వైశాఖంలో డెహ్రాడూన్ ఆస్పత్రిలో నాకు ఆడపిల్ల పుట్టింది. పిల్లకి ఏడాది నిండాక తీసుకుని వచ్చినప్పుడు పక్క వీధిలో ఉండే మా ఆడపడుచు చెప్పింది. బస్సు వెళ్ళిన రోజు అత్తగారు సంగతి చెబితే మామగారు "తెలిసీ పంపావా?" అన్నారట. ఆ తర్వాత, బిడ్డ పుట్టిందని తంతి అందేదాకా, ఆవిడతో మాట్లాడలేదట. ఆరు నెలలు. తినే కంచం ముందు కూడా మాట లేదట.

ఆ ఆరు నెలలూ ఆవిడ మా ఆడపడుచు చేత నాకు కార్డులు రాయించింది. ప్రతి కార్డులో ఒకటే అడిగేది, రవికలు పడుతున్నాయా అని. పడుతున్నాయి అని రాసి, మిగిలిన చోటంతా అక్కడి చలితో, కొండలతో నింపేదాన్ని. మీరెలా ఉన్నారని నేను ఒక్క కార్డులోనూ అడగలేదు.