గులాబీ మడిలో పోసిన మందు

మతిమరుపట! ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊరందరికీ తూటాలు నింపి, ఒక్కరి వేలికి కూడా గాయం కానివ్వని మనిషికి మతిమరుపని తేల్చేశారు మా తుపాకుల క్లబ్బు పెద్దలు. కాఫీ తాగుతూ, చెర్రీ కేకు తింటూ తేల్చారు. ఆ కేకు కూడా ఆవిడ చేసి తెచ్చిందే.

ఆర్డిస్ హోల్మ్ మా పక్కింటావిడ. డెబ్భై రెండేళ్ళు. మోంటానాలో మాది తూర్పు కొస, గాలీ గొడ్లూ తప్ప ఇంకేం లేని ఊరు. ఇక్కడ ఏ ఇంట్లో చూసినా గోడకి తాతల నాటి రైఫిలు ఒకటి వేలాడుతుంటుంది. వాటికి సరిపోయే తూటాలు చెయ్యడం కంపెనీలు ఎప్పుడో మానేశాయి. పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు పారెయ్యకుండా ఏరి, కడిగి, మళ్ళీ తుపాకిమందు పోసి, సీసం గుండు బిగించే ఆర్డిస్ లేకపోతే అవన్నీ గోడ దిగేవే కావు.

ఆ పని మొదట ఆవిడ మొగుడు మిల్ఫర్డ్‌ది. పాడుకుంటూ, బీరు తాగుతూ నింపేవాడు. బడి వంటశాలలో మూడొందల మందికి వండి వచ్చిన ఆర్డిస్ ఒకరోజు అది చూసింది.

"కూరలో ఉప్పెక్కువైతే తిట్టుకుంటూ తింటారు. దీన్లో మందెక్కువైతే తినడానికి మొహమే ఉండదు. లే, పక్కకి జరుగు," అందిట. పాపం, ఆయన పోయేదాకా ఆ కుర్చీ మళ్ళీ దక్కలేదు.

పిస్తోలు మందు వేరు, రైఫిలు మందు వేరు. ఆవిడ వాడే రెండూ చూడ్డానికి బూడిదరంగు గింజలే. రైఫిలు తూటాలో పిస్తోలు మందు పడిందా, తుపాకి చేతుల్లోనే బద్దలవుతుంది. అందుకని ఆర్డిస్ ఒక డబ్బా దింపితే రెండోది అలమరలోంచి కదలకూడదు. పని మీద ఉన్నప్పుడు ఇల్లంటుకున్నా పలకరించకూడదు. నింపిన ప్రతి గొట్టంలోకీ లైటు వేసి చూస్తుంది. అంత జాగ్రత్త మనిషి.

ఇక నా నిర్వాకం వినండి.

సెప్టెంబరులో ఒక శనివారం మా క్లబ్బులో పాత తుపాకులన్నీ దింపి కాల్చే పండగ. ఈసారి డెల్మర్ క్విస్ట్ తన తండ్రి రైఫిలుకి ఇరవై తూటాలు కావాలని ఆర్డిస్‌ని అడిగాడు. డెల్మర్‌కే ఎనభై ఎనిమిదేళ్ళు, చూపు పోతోంది. వచ్చే ఏడాదికి గురి కనబడదని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

ఆ మంగళవారం, అరువు తెచ్చుకున్న నిచ్చెన తిరిగి ఇద్దామని ఆర్డిస్ గ్యారేజీకి వెళ్ళాను. ఆవిడ లోపల చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది. బల్లకి బిగించిన కొలత డబ్బాలో మందు అలాగే ఉంది, మూత లేదు. బయట మబ్బు పట్టింది. తేమ తగులుతుందేమో, సాయం చేద్దామని బుద్ధి పుట్టింది నాకు. ఊరంతా శనివారం ధ్యాసలో ఉంది కదా, ఇది రైఫిలు మందే అనుకున్నాను. అలమరలోంచి రైఫిలు మందు డబ్బా దింపి, కొలతలో ఉన్నదంతా అందులో పోసేశాను. పైగా బల్ల కూడా తుడిచాను, ఘనకార్యం చేసినట్టు.

ఆర్డిస్ వచ్చి చూసింది.

"దీన్లో మందేది?"

"తేమ తగులుతుందని నేనే ఎత్తిపెట్టా."

"ఎందులో?"

చూపించాను. ఆవిడ కుర్చీ పక్కనున్న స్టూలు వైపు చూసింది. నేనూ చూశాను. దాని మీద పిస్తోలు మందు డబ్బా ఉంది. అంటే నేను పోసింది పిస్తోలు మందు.

"పైపైన చెంచాతో తీసేద్దాం ఆర్డిస్. పోసింది పిడికెడే కదా."

"డబ్బా కుదిపావా?"

"కాస్త... సర్దుకుంటుందని."

"మంచి పని చేశావు నాయనా."

ముప్పావు డబ్బా మందు పెరట్లోకి తీసుకెళ్ళి గులాబీ మడిలో పల్చగా చల్లి, మట్టితో కలిపి, నీళ్ళు పెట్టింది. ఏడాదిన్నరగా ఆ మందు చుట్టుపక్కల ఏ కొట్లోనూ దొరకడం లేదు.

"మరి డెల్మర్?" అన్నాను.

"డెల్మర్‌కి రెండు చేతులున్నాయి. వాటినలా ఉండనీ."

శనివారం డెల్మర్ రైఫిలుకి నూనె పట్టించి మరీ తెచ్చాడు. ఆర్డిస్ అందరి ముందూ, "మందు చెడింది, పారబోశాను. నా గ్యారేజీలో జరిగిన తప్పు. క్షమించు డెల్మర్," అంది. ఆయన తలూపి, రైఫిలుని మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నాడు. ఆవిడ నా పేరెత్తలేదు. నేను మూడడుగుల దూరంలో, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇక మొదలెట్టారు! క్లబ్బు అధ్యక్షుడు డ్వైట్ ప్రూయిట్, జన్మలో ఒక్క తూటా నింపి ఎరగనివాడు, "ఏ డబ్బాలో ఏముందో గుర్తుండట్లేదు పాపం" అన్నాడు. వారం తిరక్కుండా అది "పొయ్యి కట్టెయ్యడం మర్చిపోతోందట" అయింది. మూడో వారానికి "దారి తప్పిందట" దాకా పోయింది. ఎవరి తూటాలతో జింకని కొట్టి చలికాలమంతా మాంసం తిన్నారో ఆ మనిషినే! నాకు ఒళ్ళు మండిపోయేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ గడిపాను.

క్లబ్బు సమావేశంలో, ఇకమీదట ఆర్డిస్ తూటాలు నింపక్కర్లేదని డ్వైట్ తీర్మానం పెట్టాడు. ఆవిడ వెనక వరసలో కూర్చుని ఉంది. అప్పుడు లేచాను.

"ఆ మందు కలిపింది నేను! ఆవిడ కాదు," అని నిచ్చెన దగ్గర్నుంచి డబ్బా కుదపడం దాకా అంతా చెప్పాను.

డ్వైట్ నవ్వుతూ వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు మంచోడివి హోయ్ట్. పక్కింటావిడ పరువు పోతుందని తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావు. మాకు తెలీదా?"

"ఒరేయ్, నిజం చెప్తున్నా!"

"సైన్యంలో ఆయుధాలు చూసుకున్నోడివి. నువ్వలాంటి పని చేస్తావా?"

కుర్చీ తన్నాను. బల్ల గుద్దాను. ఎంత అరిస్తే అంత మంచివాణ్ణయిపోయాను. ఇలాంటి ఇరుగుపొరుగు ఉండాలని ఎవరో కళ్ళు తుడుచుకున్నారు కూడా. చివరికి తూటాల పని ఎవరికి అప్పజెప్పారో తెలుసా? నాకు! చప్పట్లు కొట్టారు.

ఆర్డిస్ లేచి వెళ్ళిపోయింది. పరుగెత్తి పికప్ దగ్గర పట్టుకున్నాను.

"నిజం చెప్పాను ఆర్డిస్. ఒక్క వెధవ నమ్మలేదు!"

ఆవిడ బండి స్టార్ట్ చేసి, అద్దం దించింది.

"ఆ శనివారమే చెప్పుంటే నమ్మేవాళ్ళు హోయ్ట్," అంది.