ఇరవై ఏడో వంతు

ఆటోనగర్ మీదుగా ఎప్పుడు వెళ్లినా, రేకు మీద చెక్క సుత్తి పడే చప్పుడు వినగానే నా చెయ్యి సుద్దముక్క కోసం వెతుకుతుంది. ముప్ఫై ఏళ్లు ధాన్యం గిడ్డంగులకు డిజైన్లు గీసి రిటైరైన మనిషిని. అయినా ఆ చప్పుడుకి, మా కంకిపాడు బడిలో లెక్కలు చెప్పిన సుగుణమ్మ టీచర్ పక్కన నిలబడినట్టే ఉంటుంది. ఆవిడ తప్పు లెక్కని చెరపనిచ్చేవారు కాదు. "ఒక్క గీత కొట్టి కింద మళ్లీ చెయ్యి. ఎక్కడ దారి తప్పావో రేపు నీకే కావాలి" అనేవారు.

ఆ డెబ్బైలలో పదో తరగతికి కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు అని రెండుండేవి. జనరల్ తీసుకుంటే ఇంజనీరింగు దారి మూసుకుపోయినట్టే. మా బడిలో ఆడపిల్లలకి అడక్కుండానే జనరల్ రాసేసేవారు. అది నాకు మింగుడుపడలేదు, టీచర్ గారికి అసలే పడలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి, కాంపోజిట్ ఫారం మీద సంతకం కోసం ఆటోనగర్‌లో మా నాన్న రేకుల షెడ్డుకి వెళ్లారు.

నాన్న పామర్రులోని ఒక రైసుమిల్లుకి ధాన్యం పోసే తొట్టి చేస్తున్నాడు. పైమూతి ఆరడుగుల చదరం, కిందిమూతి రెండడుగుల చదరం, లోతు నాలుగడుగులు, నాలుగు వైపులా ఏటవాలు.

"ఆడపిల్లకి అంత లెక్కలెందుకండీ?" అన్నాడు నాన్న.

"ఈ తొట్టిలో ఎన్ని బస్తాలు పడతాయి మేస్త్రిగారూ?"

"పదహారండి. రెండు మూతుల వైశాల్యాలు కలిపి సగం చేసి లోతుతో హెచ్చవేశా. బస్తాకి అయిదు ఘనపుటడుగులు. మా నాన్న నాటి నుంచీ ఇదే లెక్క."

ఆవిడ నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. నేల మీద తొట్టి గీసి, ఏటవాలు గీతల్ని కిందికి పొడిగించాను. పైన ఆరు, కింద రెండు. అంటే మరో రెండడుగుల కింద మొన కలుస్తుంది. ఆ మొన దాకా నిండితే డెబ్బై రెండు ఘనపుటడుగులు. లేని మొన మూడో వంతు కదా అని ఇరవై నాలుగు తీసేశాను.

"తగ్గింది నిలువొక్కటేనా?" అన్నారు టీచర్.

సిగ్గుపడి ఒక్క గీత కొట్టాను. పొడవు, వెడల్పు, నిలువు, మూడూ మూడో వంతులే. కాబట్టి మొన ఇరవై ఏడో వంతు. పోయేది మూడు ఘనపుటడుగులు కూడా కాదు, మిగిలేది అరవై తొమ్మిది చిల్లర.

"పద్నాలుగో బస్తా పూర్తిగా పట్టదు నాన్నా" అన్నాను.

నాన్న మొహం ఎర్రబడింది. "మిల్లులో పోసి చూద్దాం. పదహారు పడితే మళ్లీ ఈ ఫారం మాట ఎత్తకండి."

"పట్టకపోతే సంతకం" అన్నారావిడ తాపీగా.

ఆ వారమే పామర్రులో, టీచర్ గారూ నేనూ కూడా ఉండగా, అందరి ముందూ పోశారు. పద్నాలుగో బస్తాకే తొట్టి అంచు దాకా నిండి, గోనె అడుగున ఇంకా కాస్త ధాన్యం మిగిలింది. మిల్లు ఓనరు నాన్నకేసి చూశాడు. నాన్న నాకేసి చూశాడు.

"పదహారు పట్టాలంటే ఎంత పెంచాలమ్మా?"

అంతవరకు నాన్న నన్ను ఏదీ అడిగి ఎరగడు. "పైన నిలువుగా నాలుగంగుళాల పట్టీ చాలు నాన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే గర్వంగా ఉంటుంది.

నాన్న ఫారాన్ని తొట్టి రేకుకే ఆనించి సంతకం చేశాడు. కంగారులో విద్యార్థి పెట్టాల్సిన చోట పెట్టి, వేలితో రుద్దబోయాడు.

"చెరపకండి మేస్త్రిగారూ. ఒక్క గీత కొట్టి కింద పెట్టండి" అన్నారు టీచర్.

నా డిజైన్ కాగితాల మీద కొట్టివేతలు చూసి ఆఫీసులో జూనియర్లు నవ్వుకునేవారు. నవ్వుకోనిచ్చాను. మా నాన్న అంతటివాడే ఒక్క గీత కొట్టి, కింద మళ్లీ రాశాడు.