పాండవుల ఇంట్లో నా మసి

నా చిన్నప్పుడు మా గుట్ట వాలులో ఉన్న రాతి గూళ్ళను ఊరంతా పాండవుల ఇండ్లు అనేవారు. పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారిలో దిగి, లోపలికి నడిస్తే మా ఊరు వస్తుంది. ఆ గూళ్ళు పది పన్నెండు ఉండేవి. నాలుగు పక్కలా నాలుగు బండలు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పి, ముందు బండకు జల్లెడంత గుండ్రటి బొక్క కొట్టి ఉంటుంది. పిల్లలమైతే దూరగలం, పెద్దవాళ్ళకు భుజాలు పట్టవు. పట్టని ఇంట్లో ఎట్లా ఉన్నారని అడిగితే, ఆ కాలపు మనుషులు మూరెడే ఉండేవాళ్ళని చెప్పేవారు. పాండవులు మూరెడున్నారా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా కూతురు రాస్తోంది. ఎక్కడైనా వంకర పోతే అది నా నోటిది, దాని చేతిది కాదు.

మా నాయన రాళ్ళు కొట్టేవాడు. ఊళ్ళోవాళ్ళ పొలాలకు కంచె రాతి కూసాలు, ఇండ్లకు బండలు కొట్టి ఇచ్చేవాడు. మా ఇంటికి మాత్రం బోద గడ్డి కప్పే. ఒక ఏడు మా అమ్మ నిండు చూలాలు. అంతకుముందు కాన్పు వానల్లో వచ్చింది. కప్పు కారి, తడిసి, జ్వరం తగిలి పసిబిడ్డ పోయాడు. ఈసారి వానకు ముందే అమ్మ తల మీద రాతి మిద్దె ఉండాలని మా నాయన పట్టు. గోడలు లేచాయి, పైకి బండలు కావాలి. దగ్గర్లో మంచి రాయి ఉన్న ఇంకో గుట్టను ఎవరో గుత్తకు తీసుకుని మమ్మల్ని చేయి పెట్టనివ్వలేదు. ఇక కంటికి కనబడింది పాండవుల ఇండ్లే. ఒక్క పై బండ చీలిస్తే మూడు పలకలు వస్తాయి.

మాలో ఒక పద్ధతి ఉంది. పాడుబడిన ఇంటి రాయి గానీ వాసం గానీ తెచ్చి కొత్త ఇంటికి పెట్టుకుంటే తప్పు లేదు. సమాధి రాయిని మాత్రం ఎవరూ ముట్టరు. పేరులోనే ఇల్లు అని ఉంది కాబట్టి మా నాయనకు ఏ అనుమానమూ రాలేదు. మా అవ్వ, అంటే నాయన తల్లి, వద్దంది. అన్నిటికీ భయపడతావని నాయన తీసిపారేశాడు. అవ్వ వాదులాడలేదు.

మర్నాడు పొద్దున నాయన సమ్మెట, ఉలులు మోసుకుని గుట్టెక్కాడు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని వెనకే వచ్చింది. చిన్న కుండలో నీళ్ళు, గుప్పెడు ఉలవలు, కందికట్టె మోపు, అగ్గిపెట్టె తెచ్చింది.

"మీ నాయన ఇల్లంటాండాడు గదామే. లోపలికి పోయి పొయ్యి ఎలిగించి రవ్వన్ని ఉలవలు ఉడకబెట్టుకోనిరా. తిని పని మొదులుపెడతాడు," అంది.

ముసలిదానికి మేకలు కాసి కాసి బుద్ధి మేకలకు పోయిందని నాయన నవ్వాడు. నాకు సంబరం. బొక్కలోంచి దూరి మూడు రాళ్ళు పెట్టి అంటించాను. కందికట్టె ఎండిందే, పొగ తక్కువ రావాలి. అయినా రెండు నిమిషాలకే లోపలంతా పొగ అలుముకుంది. పోయేదానికి దోవ నేను దూరిన బొక్క ఒక్కటే. నీళ్ళు గోరువెచ్చన కూడా కాలేదు, నేను దగ్గుతూ ముక్కు కారుతూ బయటపడ్డాను. అవ్వ కొంగుతో నా మొహం తుడిచింది. బిడ్డను చంపుతావా అని నాయన అవ్వ మీదికి లేచాడు.

"అరిసింది సాలు. తల లోపలికి పెట్టి పైన సూడప్పా," అంది అవ్వ.

నాయన చూశాడు. పై బండ మీద నేను చేసిన మసి అరచేయంత ఉంది. మిగతా బండంతా తెల్లగా ఉంది.

"రోజూ ఒండుకోని తినుంటే ఈ బండ ఎట్లుండల్ల? పొయ్యే లేనిది ఇల్లెట్లయితాది రా?"

అప్పుడు చెప్పింది. మా తాత వయసులో ఉండగా నిక్షేపం ఉందేమోనని ఇలాంటి గూడొకటి తవ్వాడట. కుండలు బయటపడ్డాయి. కుండల్లో ఎముకలు, పక్కన తుప్పు పట్టిన కొడవలి. మట్టి కప్పేసి వచ్చి, సిగ్గుతో పెళ్ళానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎవరో తమ చచ్చినవాళ్ళకు కట్టుకున్నవి ఇవి అంది అవ్వ.

 నాయన ఆ బొక్క అంచును బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. "ఎంత నున్నగా కొట్టినారుమా," అన్నాడు. సమ్మెట భుజానికెత్తుకుని దిగిపోయాడు.

వాన మాత్రం మా కోసం ఆగలేదు. మిద్దె కప్పకముందే అమ్మకు నొప్పులు వచ్చాయి. మా తాత కట్టిన రాతి కొట్టం ఒకటి అవ్వకు ఉండేది, అందులో మేకలుండేవి. గుట్ట దిగిన సాయంత్రమే అవ్వ వాటిని మా బోద కప్పు కిందికి తోలి, కొట్టం అలికి, సున్నం కొట్టి పెట్టింది. మా తమ్ముడు అందులో పుట్టాడు. మేకలు తడిశాయి. వాడిని ఇప్పటికీ మేక అనే పిలుస్తాం, పలుకుతాడు.

పెళ్ళయి నేను గుడుపల్లె దిక్కు పోయాను. ఏండ్ల తర్వాత పుట్టింటికి వచ్చి శనక్కాయల్లో కలుపు తీస్తుంటే, కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని ఒక సారు గుట్టకు వచ్చాడు. బ్యాటరీ లైటు వేసి లోపల మసి చూపించి, పూర్వం ఇక్కడ వంట చేసుకున్నారని పిల్లలకు చెబుతున్నాడు. ఉండబట్టలేకపోయాను.

"అది నా మసి సామీ. ఉలవలు గూడా ఉడకలేదు," అన్నాను.

పిల్లలు నవ్వారు. సారు కోపం తెచ్చుకోలేదు. కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకుని, రాసుకున్నది కొట్టేసి మళ్ళీ రాసుకున్నాడు.

ఇప్పుడు మా ఇంటికి గ్యాసు వచ్చింది. మొన్న సున్నం కొట్టేటప్పుడు పాత పొయ్యి పైనున్న కప్పు బండ మసి గీకేద్దామని మా కూతురంటే వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు, ఇదిగో రాస్తూ తెలుసుకుంటోంది. విను, మీ నాయన పోయినప్పుడు దినాలు అయ్యేదాకా మన పొయ్యి వెలగలేదమ్మా. పక్కిండ్లవాళ్ళు సంగటి తెచ్చి పెట్టారు. చుట్టాలందరూ వెళ్ళిపోయిన పొద్దున ఇల్లు నాకు రాతి గూడులాగే కనబడింది. పోయి పొయ్యి ముందు కూర్చుని పైకి చూశాను. బండ నల్లగా ఉంది. అగ్గిపుల్ల గీశాను.