దాసన్న మైకు భాష

కోడుమూరులో దాసన్న గొంతు వినని వీధి లేదు. ఇరవై ఏళ్ళుగా ఆటోలో కూర్చుని, మైకు పట్టుకుని, వచ్చిన ప్రతి పార్టీకీ ప్రచారం చేశాడు. పొద్దున ఒకాయన్ను గెలిపించమని, సాయంత్రం ఆయన్నే ఓడించమని అదే గొంతుతో, అంతే నమ్మకంగా చెప్పగలడు. అయితే మైకు ముందు నోరు విప్పడం నేర్చింది చర్చిలో, వాక్యం చదువుతూ. అందుకే ఇంట్లో ఎట్లా మాట్లాడినా, మైకు మూతి దగ్గరకొస్తే చాలు, "ప్రియ సహోదరులారా" అని మొదలవుతుంది.

ఈసారి మాత్రం పనిని మనసుపడి ఒప్పుకున్నాడు. సీమకు నీళ్ళు కావాలని కొత్తగా పుట్టిన పార్టీ అది. తన గోడు చెప్పే పార్టీకి ప్రచారం చేయడం దాసన్నకు ఇదే మొదలు. దాని నాయకుడు ఓబులేష్ ఒక్క షరతు పెట్టాడు.

"అన్నా, మనది సీమ పార్టీ. మాట గూడా సీమ మాటే ఉండల్ల."

"అదెంత పనప్పా!" అని దాసన్న మైకు అందుకున్నాడు. "ప్రియ సహోదరులారా, మన పార్టీ మీ యొద్దకు వచ్చుచున్నది..."

రెండోసారీ అదే వరస. "రేపు సంతలో ఆఖరుసారి చూస్తా. కుదరకపోతే ఎర్రగుంట్ల నుంచి ఇంకో మైకు ప్రచారకుడు నవీన్‌ను పిలిపిస్తా" అని ఓబులేష్ తేల్చేశాడు. దాసన్నకు అన్నం సహించలేదు. ఇన్నేళ్ళకు నాదీ అనుకున్న పార్టీ ఒక్కటి దొరికితే, అదీ జారిపోతోందని దిగులు.

భార్య ఏసుమణి నవ్వింది. "నాతో కొట్లాడినట్టు మాట్లాడు, సాలు."

మర్నాడు సంతలో మళ్ళీ "ప్రియ..." అనగానే ఏసుమణి ఖాళీ బిందె చంకనేసుకుని ఆటోకు అడ్డం నిలబడింది. "ఏమప్పా, కొళాయి ఎండి మూడు దినాలాయ. నీళ్ళు యాడ?"

రోజూ ఇంట్లో జరిగే తగువే. దాసన్న మైకు సంగతే మరిచాడు. "నన్నడిగితే నేను యాడ తెచ్చేది? కాలువ మన పక్కనే పోతాండాది, మన బిందెలోకి మాత్రం రాదు. మన తరపున అడిగే నాథుడు లేక శానా ఏండ్లాయ. ఇంగ మనమే అడగల్ల!"

సంత సంతంతా ఆటో చుట్టూ మూగింది. దాసన్న పొంగిపోయి, అలవాటు చావక "ఆమెన్" అనేశాడు. ఉల్లిగడ్డలమ్మే హులిగెమ్మ కూడా "ఆమెన్" అంది.

ఆ ఊపు చూసి ఓబులేష్ మైకు లాక్కున్నాడు. "ప్రియమైన ప్రజలారా, మన ప్రాంతం ఎదుర్కొంటున్నటువంటి సమస్యల దృష్ట్యా..." జనం మెల్లగా ఉల్లిగడ్డల వైపు తిరిగారు.

దాసన్న అతని భుజం తట్టాడు. "నీకింగా రెండు సార్లుండాయి లేప్పా. కుదరకపోతే నవీన్‌ను పిలిపిద్దాం."