చంపాలండీ

ఎవరి గొయ్యి వారే తవ్వుకుంటారంటారు. నేను కాబోయే మామగారిని పక్క సీట్లో కూర్చోబెట్టి మరీ నా గోతిలో దూకాను.

అప్పట్లో నేను డబ్బింగ్ సినిమాలకు తెలుగు మాటలు రాసేవాణ్ని. నేను పెళ్లాడాలనుకున్న పద్మజ వాళ్ల నాన్న, ఉయ్యూరు చెరకు రైతు వెంకటరత్నం గారు, దాన్ని ఒక పనిగా గుర్తించలేదు. "ముందు నీ సినిమా చూస్తానబ్బాయ్. పిల్లనిచ్చే సంగతి తర్వాత" అన్నారు.

ఇక నాకు పట్టపగ్గాల్లేవు. నా చేతిలో ఉన్నది మామూలు సినిమానా? కృత్రిమ మేధ పిచ్చెక్కి మనుషుల్ని చంపే కథకు రెండో భాగం. మొదటి భాగం చూసి మా మంగళగిరిలో జనం సెల్‌ఫోన్లు బియ్యం డబ్బాల్లో దాచారు. (జనమంటే నేనే.) దానికి మాటలు వేరే ఆయన రాశారు. ఇది గుర్తుంచుకోండి. "గుండె దిటవు చేసుకుని రండి" అని మామగారికి ముందే ఫోన్ చేశాను.

రెండో భాగంలో యంత్రం చంపడం తగ్గించి ఉపన్యాసాలు పెంచింది. అది నా తప్పు కాదు. నా తప్పు వేరే ఉంది. ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యూ'. తెలుగులో నువ్వా, మీరా? అవతల ఉన్నదేమో తెల్లగడ్డం ప్రొఫెసరు. పెద్దాయన్ని 'నువ్వు' అని రాయడానికి చెయ్యి రాలేదు. మా అమ్మ పెంపకం.

విజయవాడలో మొదటి రోజు మ్యాటినీ, హాలు నిండిపోయింది. నా పక్కన మామగారు, ఆయన పక్కన పద్మజ. తెర మీద ఎర్రదీపం వెలిగి యంత్రం పలికింది. "తలుపు తీయండి ప్రొఫెసర్ గారూ. మిమ్మల్ని చంపాలండీ."

నిశ్శబ్దం. అదరగొట్టాననుకున్నాను. వెనక వరసలో ఎవరో తాపీగా అన్నారు. "కాఫీ తాగి చంపుదురుగాని, కూర్చోండి."

బ్యారేజీ గేట్లన్నీ ఒక్కసారి ఎత్తినట్టు నవ్వు. ఆపైన యంత్రం ఏం బెదిరించినా హాలంతా "అలాగేనండీ" అనడమే. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు గానీ, ఇక్కడ రోకలి కూడా నేనే రాశాను.

వెంకటరత్నం గారు మాత్రం నవ్వలేదు. చేతులు కట్టుకుని చివరిదాకా చూశారు. బయటికొచ్చాక పద్మజ నాకేసి చూడ్డం మానేసింది.

"సినిమా ఏం బాలేదబ్బాయ్."

"అవునండీ."

"భయమనేదే వెయ్యలేదు."

"లేదండీ."

"ప్రాణం తీసేదాని చేత కూడా గారూ అనిపించావు. మా పిల్లని కసురుకోవులే. ముహూర్తం పెట్టిస్తాను."

ఆ హాలు మెట్ల మీదే ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో మరే యంత్రానికీ మర్యాద నేర్పనని. ఇంతవరకూ తప్పలేదు. 'అండీ'లన్నీ ఇంట్లోనే అయిపోతున్నాయి. అదిగో, పద్మజ లోపలినుంచి ఏదో పని చెబుతోంది.

అలాగేనండీ.